నాలుగు నిమిషాల సమ్మతి

ఆవిడ అసలు పేరు కాంట్రాక్టు కాగితం మీద తప్ప ఇంకెక్కడా లేదు. ఆ కాగితాన్ని పదకొండు నెలలకోసారి పారేసి కొత్తది రాస్తారు కాబట్టి, ఆ పేరు కూడా తాత్కాలికమే అనుకోవాలి. కాలనీ మొత్తానికి ఆవిడ సూదక్క. తొంభై ఏళ్ళ ముసలాయనకీ సూదక్కే, బడికెళ్ళే పిల్లలకీ సూదక్కే. వరసలు కలపడంలో మనవాళ్ళు మహా గట్టివాళ్ళు గానీ, సూది పట్టుకున్న మనిషి దగ్గర మాత్రం వరసలన్నీ మరిచిపోతారు.

సూదక్క చేతిలో ఏదో ఉంది, అది ఒప్పుకోవాల్సిందే. ఇరవై రెండేళ్ళకే మొగుడు పోయాడు. కరెంటు స్తంభం ఎక్కినవాడు దిగలేదు. అన్న ఇంటికొచ్చి, పెద్దాసుపత్రిలో వార్డులు ఊడ్చే పనికి కుదిరింది. అక్కడ నర్సులు ఒకే మనిషిని మూడుసార్లు పొడిచి, "ఈయనకి నరాలే లేవు" అని తేల్చేసేవారు. ఆడలేక మద్దెల ఓడు అన్నారు కదా, అదీ వరస. సూదక్క చీపురు గోడకి ఆనించి, చెయ్యి కడుక్కుని వచ్చి, మోచేతి మడతలో వేలితో రెండుసార్లు తడిమి, "ఇదిగోనమ్మా, ఇక్కడే ఉంది పాపం" అనేది. ఉండేది కూడా. అలా అలా చీపురు పోయి చేతికి సూదొచ్చింది. జీతం మాత్రం చాలాకాలం చీపురు జీతమే వచ్చింది, అది వేరే సంగతి.

ఆసుపత్రిలో పదమూడేళ్ళు గడిచాక దేశానికి ఒక కోరిక పుట్టింది. పులిని చూసి నక్క వాత పెట్టుకున్నట్టు, పెద్ద దేశాలన్నీ తమ జనం జన్యువులన్నిటినీ పటంగా గీయించుకుంటున్నాయి, మనకి లేకపోతే పరువేం కావాలి అన్నారు. "మన సంపద మన నెత్తురులోనే ఉంది" అని మంత్రిగారు సెలవిచ్చారు. అంతకుముందు మంత్రి ఆ సంపద మన చెమటలో ఉందనేవారు. మొత్తానికి మన ఒంట్లోంచి ఏదో ఒకటి కారితే తప్ప దేశం బాగుపడేలా లేదు. పుట్టకముందే రోగం చెప్పేస్తారట, మనిషికో మందు చేస్తారట, ఆ సమాచారం కోసం విదేశాల వాళ్ళు మన గుమ్మం ముందు బారులు తీరతారట. సరే, బారులు తీరాలంటే ముందు నెత్తురు కావాలి. నెత్తురంటే సూదక్క కావాలి. అలా ఆవిడ జాతీయ జన్యు పటం ప్రాజెక్టులోకి వచ్చింది. కాంట్రాక్టు మీదే సుమా.

ప్రాజెక్టు వాళ్ళు ఆవిడకి ఇచ్చినవి మూడు: నీలం సంచి, చల్లటి పెట్టె, సమ్మతి పత్రాల కట్ట. సంచిలో సూదులు, పెట్టెలో ట్యూబులు. ఇక సమ్మతి పత్రం సంగతి. మనిషి నెత్తురు తీసి దాచుకోవాలంటే అడిగి తీసుకోవాలి కదా, ఆ అడగడానికి పన్నెండు పేజీలు. ఎనిమిది మంది లాయర్లు కూర్చుని రాశారట. మొదటి పేజీలో పౌరుడికి స్వాగతం. పన్నెండో పేజీలో సంతకం. మధ్యలో ఏముందో లాయర్లకే తెలియాలి, వాళ్ళు కూడా ఎవరి పేజీ వాళ్ళే రాసుకున్నారని వినికిడి. ప్రతి ఇంట్లో పన్నెండు పేజీలూ చదివి, అర్థం చెప్పి, ప్రశ్నలు అడగనిచ్చి, ఆలోచించుకోవడానికి సమయమిచ్చి, అప్పుడు సంతకం తీసుకోవాలని నియమం. రోజుకి ముప్ఫై శాంపిళ్ళు తేవాలని ఇంకో నియమం. ఈ రెండు నియమాలూ రాసినవాళ్ళు ఒకే భవనంలో వేర్వేరు అంతస్తుల్లో ఉంటారు. లిఫ్టు పనిచేయదు కాబోలు, వాళ్ళు ఎప్పుడూ కలుసుకోలేదు.

మొదటి వారం సూదక్క నిజంగానే చదివింది. రెండో పేజీ దాటకుండానే పొయ్యి మీద పాలు పొంగేవి, ఉయ్యాల్లో పిల్లాడు లేచేవాడు, ఇంటాయన "ఇది భూమికి సంబంధించిందా?" అని అడిగేవాడు. రోజుకి మూడు శాంపిళ్ళు వచ్చాయి. ఆఫీసరుగారు పిలిచి, "ఏమ్మా, మానేస్తావా?" అన్నాడు. మర్నాటి నుంచి సూదక్క తన పద్ధతి కనిపెట్టింది.

ఆ పద్ధతి ఇదీ. ఇంట్లోకి వెళ్ళగానే కుశలం అడగాలి. అడుగుతూ అడుగుతూనే ఎడమ చేతికి రబ్బరు పట్టీ బిగించెయ్యాలి. నరం పొంగుతుంది, చెయ్యి తిమ్మిరెక్కుతుంది. అప్పుడు కుడిచేతిలో పెన్ను పెట్టి, పన్నెండో పేజీ తెరిచి, "ఏం లేదమ్మా, దేశం కోసం ఒక్క చుక్క నెత్తురు, ఇక్కడో సంతకం" అనాలి. పట్టీ కట్టించుకున్న మనిషికి దాన్ని ఎప్పుడు విప్పుతారా అన్న ధ్యాస తప్ప ఇంకేమీ ఉండదు. సంతకం పడుతుంది. సూది దిగుతుంది, నొప్పి తెలియనే తెలియదు. అంతా కలిపి నాలుగు నిమిషాలు. ఆరేళ్ళలో నలభై రెండు వేల మంది. ఒక్కరంటే ఒక్కరు కాదనలేదు.

ఇందులో మోసం ఉందని ఆవిడకి అనిపించలేదా అంటే, అనిపించలేదు. తన జన్మలో తను సంతకం పెట్టిన కాగితాలు కూడా ఎవరూ చదివి వినిపించలేదు. కాగితం అంటే చదవడానికి కాదు, సంతకం పెట్టడానికేనని ఆవిడ నిండు మనసుతో నమ్మింది.

ఆ నలభై రెండు వేల మందిలో మొట్టమొదటిది మేనకోడలు. కాలనీ వాళ్ళు జంకుతుంటే, "మా పిల్లకే తీస్తున్నాను చూడండి" అని వంటగది బల్ల దగ్గర అందరి ముందూ అన్నకూతురి చెయ్యి చాపించి పట్టీ బిగించింది. పిల్లకి పద్దెనిమిది నిండి నెల కాలేదు. "అత్తా, ఇందులో ఏముంది?" అని కాగితం చూసి అడిగింది. "నా మీద నమ్మకం లేదా?" అంది అత్త. ఇంకేముంది, సంతకం పడింది. వదిన పక్కనే నిలబడి, గుండీలు కుట్టే చొక్కా పళ్ళతో పట్టుకుని, చప్పట్లు కొట్టింది కూడా.

అన్న సిటీ బస్సు డ్రైవరు. ఇరవై ఆరేళ్ళు నడిపాడు. అద్దం కూడా పగలలేదు. ఆఖరికి స్నానాల గదిలో సబ్బు మీద కాలేసి జారిపడి పోయాడు. అప్పటినుంచీ ఆడవాళ్ళిద్దరూ కలిసి పిల్లని పెంచారు. వదిన యూనిఫారాలు కుడుతుంది, సూదక్క నెత్తురు తీస్తుంది. ఇద్దరి చేతుల్లోనూ సూదులే, ఇంట్లో మాటలు కూడా అలాగే ఉండేవి. పిల్లకి మాత్రం చిన్నప్పటి నుంచీ స్టీరింగే. పళ్ళెం పట్టుకుని తిప్పుతూ హారను కొట్టేది. ఇరవై నాలుగు రాగానే రవాణా సంస్థ పరీక్ష రాసింది, బస్సు నడిపి చూపించింది, రివర్సులో ఒక్క డబ్బా కూడా పడకుండా తిప్పింది. పరీక్షాధికారి దిగి, "మీ నాన్న చెయ్యి" అన్నాడు. ఆ మాటకి ఆ రోజు ఇంట్లో ముగ్గురూ ఏడ్చారు.

ఉద్యోగపు ఉత్తర్వు రావాల్సిన రోజున ఇంకో ఉత్తరం వచ్చింది. జాతీయ జన్యు పటం ప్రకారం అభ్యర్థి గుండెకి సంబంధించిన ఒక జన్యువులో తేడా ఉందనీ, దానివల్ల భవిష్యత్తులో ఎప్పుడైనా గుండె లయ తప్పే అవకాశం ఉండవచ్చుననీ, కాబట్టి ప్రయాణికుల భద్రత దృష్ట్యా అనర్హురాలనీ. పిల్ల మూడంతస్తులు పరుగెత్తుకుంటూ ఎక్కి ఈ ఉత్తరం తెచ్చింది, అదీ లయ. ఇది తండ్రి నుంచి వచ్చి ఉంటుందని కాలనీ డాక్టరు చెప్పాడు. ఇరవై ఆరేళ్ళు బస్సు నడిపిన గుండె అది. ఆయన్ని చంపిన సబ్బుకి మాత్రం జన్యు పటం ఎవరూ తియ్యలేదు.

"మన పిల్ల నెత్తురు సంగతి బస్సు వాళ్ళకెవరు చెప్పారు?" అని వదిన అడిగింది.

అప్పుడు సూదక్క ఆరేళ్ళలో మొదటిసారి సమ్మతి పత్రం తొమ్మిదో పేజీ తెరిచింది. "సేకరించిన సమాచారాన్ని ప్రభుత్వం తగునని భావించిన సంస్థలకు అందజేయవచ్చును." ఒకటే వాక్యం. రవాణా సంస్థ తగినది. ఇన్సూరెన్సు సంస్థ తగినది. మందుల కంపెనీ మరీ తగినది. తగనిది నెత్తురు ఇచ్చిన మనిషి ఒక్కటే. నరం వెతికినట్టు ఆ వాక్యాన్ని వేలితో రెండుసార్లు తడిమింది.

వదిన ఆ రోజు తిట్టలేదు. అదే భయం వేసింది సూదక్కకి. "అడుసు తొక్కనేల, కాలు కడగనేల" అని ఊరుకుంది అంతే. పిల్ల అప్పీలు పెట్టింది. జవాబు వచ్చింది, మర్యాదగానే. సమ్మతి సక్రమంగా తీసుకోబడినది, తొమ్మిదో పేజీ చూడుడు. సక్రమంగా తీసుకోలేదని రుజువైనచో శాంపిలూ, దాని సమాచారమూ రద్దు చేయబడును, అభ్యర్థి ఉద్యోగానికి అర్హురాలగును. రుజువు ఎవరు చెయ్యాలి? నెత్తురు తీసిన ఉద్యోగే స్వయంగా జాతీయ కమిటీ ముందు చెప్పవలెను. డ్రైవరు పోస్టు రెండు నెలలు ఖాళీగా ఉంచబడును.

మొత్తం దేశంలో ఆ పిల్ల ఉద్యోగాన్ని ఇప్పించగలిగిన మనిషి ఒక్కతే ఉందన్నమాట, ఆ మనిషి అదే ఇంట్లో గోడకి అవతలి మంచం మీద పడుకుంటోంది.

ఇంతలో గోరుచుట్టు మీద రోకటిపోటు. ఆఫీసరుగారు సూదక్కని పిలిపించి, కుర్చీ చూపించాడు. ఆరేళ్ళలో ఆ కుర్చీలో కూర్చోవడం అదే మొదటిసారి.

"అమ్మా, నీకు మంచి రోజులొచ్చాయి. జన్యు సమాచారాన్ని దేశం ఎలా వాడుకోవాలో పాలసీ రాస్తున్నారు. దాని కోసం జాతీయ కమిటీ కూర్చుంది. క్షేత్రస్థాయి నుంచి ఒకరు మాట్లాడాలట. దేశం మొత్తం మీద నూటికి నూరు సమ్మతి తెచ్చింది నువ్వొక్కదానివే. నిన్నే పంపుతున్నాం."

"నేనేం మాట్లాడతానండీ?"

"నిజమే మాట్లాడు. పన్నెండు పేజీలూ చదివి వినిపించాను, అర్థమయ్యేలా చెప్పాను, అడిగిన ప్రశ్నలకి జవాబిచ్చాను అని చెప్పు." ఆఫీసరుగారి నిఘంటువులో నిజం అంటే అది. "ఇదిగో, ఇది చూశావా?" అని సొరుగు లాగి ఒక కాగితం చూపించాడు. పర్మినెంటు ఉత్తర్వు. కింద సంతకం చోటు ఖాళీగా ఉంది. "నువ్వు మాట్లాడి రా, పెద్దసారు సంతకం పెట్టేస్తారు."

పంతొమ్మిదేళ్ళు ఆ కాగితం కోసం ఎదురుచూసింది సూదక్క. పర్మినెంటు అంటే జబ్బు చేస్తే సెలవు, ముసలైతే పింఛను, పదకొండో నెల వచ్చినప్పుడల్లా పేరు మళ్ళీ కొత్తగా రాయించుకోనక్కర్లేకపోవడం. అక్కణ్ణుంచి ఇంటికి నడిచొచ్చేసింది. బస్సెక్కబుద్ధి కాలేదు.

ఇంట్లో పిల్ల ఒక్క మాట అడగలేదు. అడిగినా బాగుండేది. వదిన అడిగింది.

"ఏం చెప్తావు వదినా రేపు?"

"ఏం చెప్పమంటావు?"

"నన్నడిగితే? నేనేనా పట్టీ కట్టింది?"

పిల్ల మధ్యలో వచ్చింది. "అమ్మా, నువ్వూరుకో. అత్తా, నీ ఉద్యోగం పోతే పోనీ, నేను చూసుకుంటాను నిన్ను. బస్సు ఉంటుందిగా. నువ్వు రోజూ నా బస్సులోనే తిరుగు, టిక్కెట్టు కూడా అక్కర్లేదు."

ఆ మాటతో సూదక్కకి తేలిపోయింది. ఉద్యోగం గంగలో కలిసినా సరే, కేసు పెట్టి జైల్లో తోసినా సరే, ఉన్నది ఉన్నట్టు చెప్పెయ్యాలి. భయం లేదా అంటే బోలెడు ఉంది. సిగ్గు అంతకంటే ఎక్కువ ఉంది. కానీ పిల్ల మొహం చూస్తే ఆ రెండూ చిన్నవైపోయాయి.

కమిటీ గదిలో చలి అంటే చలి కాదు, చల్లటి పెట్టెలో ట్యూబులకి కూడా అంత చలి పెట్టరు. పొడుగాటి బల్ల, ఏడుగురు సభ్యులు, ఒక్కొక్కరి ముందు మైకు, మంచినీళ్ళ సీసా, బిస్కెట్ల పళ్ళెం. మధ్యలో ఛైర్మన్‌గారు, పెద్ద శాస్త్రవేత్త, వినేటప్పుడు కళ్ళు మూసుకుంటారు, ఆలోచిస్తున్నారో నిద్రపోతున్నారో బిస్కెట్టు తీసుకునేదాకా తెలియదు. ఆయనకి కుడివైపు నీతిశాస్త్రం ప్రొఫెసరు మేడం. సమ్మతి పత్రం సరళమైన భాషలో ఉండాలని మూడేళ్ళుగా పోరాడుతున్నారట, ఆ విషయం మీద ఆవిడ రాసిన నివేదిక నాలుగువందల పేజీలు. ఎడమవైపు మందుల కంపెనీ ప్రతినిధి. ఆయన బిస్కెట్లు ముట్టలేదు, ఆయన తినేది వేరే. మిగతా నలుగురూ తల ఊపడానికి వచ్చారు. సూదక్క వెనక కుర్చీలో ఆఫీసరుగారు.

"చెప్పమ్మా," అన్నారు ఛైర్మన్‌గారు. "సమ్మతి పత్రం ఎలా చదివి వినిపించేదానివి?"

"చదవలేదండీ."

వెనకాల ఆఫీసరుగారికి దగ్గొచ్చింది.

"అంటే, కొన్ని పేజీలు..." అన్నారు ఛైర్మన్‌గారు.

"మొదటి వారం తప్పిస్తే ఒక్క పేజీ కూడా చదవలేదండీ. ఏం లేదమ్మా, దేశం కోసం ఒక్క చుక్క నెత్తురు, ఇక్కడో సంతకం, అనేదాన్ని. అంతే. ఒక్క చుక్క అన్నది కూడా అబద్ధమేనండీ. రెండు ట్యూబులు తీసేదాన్ని."

సూదక్క ఆగలేదు. ఆగితే మళ్ళీ మొదలుపెట్టలేనని ఆవిడకి తెలుసు. పట్టీ సంగతి చెప్పింది. చెయ్యి తిమ్మిరెక్కుతుంది కాబట్టి ఎవరూ ప్రశ్నలు అడగరని చెప్పింది. తొమ్మిదో పేజీ ఎవరికీ చూపించలేదని, తనే చూడలేదని చెప్పింది. సొంత మేనకోడలికి వంటగదిలో అలాగే తీశాననీ, ఇప్పుడు ఆ పిల్ల ఉద్యోగం పోయిందనీ చెప్పింది. "నేను మోసం చేశానండీ. తెలిసి చెయ్యలేదు, కానీ మోసమే. నన్నేం చేసినా సరే, ఆ పిల్ల శాంపిలు రద్దు చెయ్యండి. వీలైతే అందరివీ రద్దు చెయ్యండి." అక్కడికొచ్చేసరికి ఏడుపొచ్చేసింది.

దున్నపోతు ఈనిందంటే దూడని కట్టెయ్యమన్నాడట వెనకటికొకడు.

"ఒకే వాక్యం!" అన్నారు నీతి మేడం. ఆవిడ కళ్ళు మెరిసిపోతున్నాయి. "సరళమైన భాష, సరళమైన భాష అని మూడేళ్ళుగా నేను మొత్తుకుంటున్నది ఇదే కదా! పన్నెండు పేజీల సారాన్ని ఈవిడ ఒక్క వాక్యంలో చెప్పింది. అదీ జనం భాషలో."

"సారం కాదండీ అది..."

"వినయం," అన్నారు ఛైర్మన్‌గారు కళ్ళు తెరిచి.

"ఒక్కరు కూడా వద్దనలేదా?" అని మేడం.

"చెయ్యి కట్టేసి ఉంటే ఏం వద్దంటారండీ?"

"నోరు కట్టెయ్యలేదు కదమ్మా. అంటే, వద్దనే అవకాశం ఉండి కూడా అనలేదు. చాలా ముఖ్యమైన విషయం ఇది." మేడం రాసుకున్నారు.

అప్పటిదాకా పలకని కంపెనీ ఆయన మైకు నొక్కాడు. "సగటున మనిషికి ఎంత సమయం పట్టిందన్నారు?"

"నాలుగు నిమిషాలండీ."

"మా దగ్గర ఆరు దేశాల లెక్కలున్నాయి. ఎక్కడా నలభై నిమిషాలకి తక్కువ లేదు," అని ఆయన మిగతావాళ్ళకేసి చూశాడు. నలుగురూ ఒక్కసారి గంగిరెద్దుల్లా తలలూపారు.

"అయ్యా, నేను చెప్పేది మీకు అర్థం కావట్లేదు," అంది సూదక్క లేచి నిలబడి. "వాళ్ళకి ఏమీ తెలియదు. ఏమీ! నా మొహం చూసి పెట్టారు సంతకం."

"నమ్మకం," అని ఛైర్మన్‌గారు నెమ్మదిగా, రుచి చూస్తున్నట్టు అన్నారు. "పాలసీలో మనం పెట్టడం మరిచిపోయిన మాట అదే. థాంక్యూ అమ్మా. కన్నీళ్ళు పెట్టుకోకు. దేశం నీకు రుణపడి ఉంది." ఎవరో ఆవిడ చేతిలో ఒక బిస్కెట్టు పెట్టారు.

బయట వరండాలో ఆఫీసరుగారు నుదురు తుడుచుకుంటూ, "నువ్వు చదవలేదండీ అనగానే నా ప్రాణాలు పైకే పోయాయమ్మా," అన్నాడు. "ఇంత తెలివి ఉందని నాకు తెలీదు. ముందు తప్పు ఒప్పుకున్నట్టు మొదలుపెట్టి, చివరికి మెచ్చుకునేలా తిప్పావు చూడు! నేను చెప్పినట్టు చెప్పి ఉంటే ఎవరూ పట్టించుకునేవారు కాదు."

సూదక్కకి ఒక్కసారి నిజం చెప్పడానికే ఉన్న ఓపికంతా అయిపోయింది. అయినా ఆశ చావలేదు. లోపల మేడం రాసుకున్నారు కదా, పిల్ల సంగతి కూడా రాసుకునే ఉంటారు, తీరిగ్గా చదివితే తెలుస్తుందిలే అనుకుంది. ఇంటికెళ్ళి పిల్లతో, "చెప్పేశానే, అంతా చెప్పేశాను" అంది. ఆ వారం వదిన వేడి టీ చేసి మంచం దగ్గరికే తెచ్చి మరీ ఇచ్చింది. పిల్ల తండ్రి పాత డ్రైవరు చొక్కా తీసి, చేతులు కురచ చేయించుకుంది.

మూడు వారాలకి పాలసీ పుస్తకం అచ్చయింది, నున్నటి అట్టతో. అందులో ఏడో అధ్యాయం పేరు "ఏక వాక్య సమ్మతి: ఒక స్వదేశీ నమూనా." ఇకనుంచీ దేశమంతటా సమ్మతిని నోటిమాటగా, ఒకే వాక్యంలో, శాంపిలు సేకరణకు సిద్ధం చేసిన తరువాత తీసుకోవలెను. ఇందువల్ల సమయం ఆదా, ఖర్చు ఆదా, పరిశ్రమకు ఊతం, పౌరునికి సౌలభ్యం. పట్టీ సంగతి కూడా ఉంది, "ముందస్తు భుజ సన్నాహం" అని. ఎంత ముద్దొచ్చే పేరు! సూదక్క బొమ్మ కూడా వేశారు, చేతిలో బిస్కెట్టుతో. కింద పేరు లేదు, "ఒక క్షేత్ర కార్యకర్త" అని ఉంది.

అదే రోజు ఆఫీసులో ఆవిడకి ఉత్తర్వు ఇచ్చారు. పర్మినెంటు. ఉట్టి పర్మినెంటు కాదు, శిక్షకురాలు. కొత్తగా చేరిన వందమంది అమ్మాయిలకి తన పద్ధతి నేర్పాలి. ఆవిడ వద్దనడానికి నోరు తెరిచింది. అప్పటికే పెద్దసారు సంతకం పెట్టిన కాగితం చేతిలో ఉంది, చుట్టూ చప్పట్లు కొడుతున్నారు. వందమంది అమ్మాయిల నెత్తి మీద పంతొమ్మిదేళ్ళ కల నెరవేరింది.

ఇంటికొచ్చేసరికి వంటగది బల్ల దగ్గర తల్లీకూతుళ్ళు కూర్చుని ఉన్నారు. మధ్యలో విప్పిన ఉత్తరం. పిల్ల తలెత్తకుండానే పైకి చదివింది.

"మీ అప్పీలు పరిశీలించబడినది. జాతీయ కమిటీ ముందు సాక్ష్యమిచ్చిన ఉద్యోగి వాంగ్మూలం ప్రకారం, సమ్మతి సరళమైన, అర్థవంతమైన రీతిలో తీసుకోబడినట్లు నిర్ధారణ అయినది. సదరు సాక్షి అభ్యర్థికి స్వయానా మేనత్త అయినందున ఆమె మాటకు విశ్వసనీయత మరింత ఎక్కువ. అప్పీలు తిరస్కరించడమైనది."

వదిన లేచి, పొయ్యి దగ్గరికెళ్ళి, వెనక్కి తిరిగి నిలబడింది. "చేతిలో ఏమిటది?" అంది తిరగకుండానే.

సూదక్క ఉత్తర్వు బల్ల మీద పెట్టింది. దాచి లాభం లేదు, రేపు కాలనీ అంతా తెలుస్తుంది. పిల్ల దాన్ని కూడా చదివింది, ఈసారి మనసులోనే. తన ఉత్తరం పక్కన పెట్టి, రెండిటి అంచులూ సరిచేసింది. రెండు కాగితాల మీదా ఒకటే తేదీ.

"అత్తా, లోపల ఏం చెప్పావు?"

"ఉన్నదంతా చెప్పానే. చదవలేదని చెప్పాను. పట్టీ కట్టి సంతకం పెట్టించానని చెప్పాను. మోసం చేశానని చెప్పాను. నీ పేరు చెప్పి ఏడ్చాను కూడా."

"అంతా చెప్పావు."

"మీ నాన్న మీద ఒట్టు."

"నిజం చెప్పినందుకు పర్మినెంటు చేశారా?" పిల్ల గొంతులో ఎకసెక్కెం లేదు. నిజంగానే తెలుసుకోవాలని అడిగింది. "అలా ఎవరైనా చేస్తారా అత్తా?"

చెయ్యరు. ఆ సంగతి సూదక్కకి కూడా తెలుసు. వేరే ఎవరైనా వచ్చి ఇదే కథ చెబితే తనే ఫక్కున నవ్వేది. "నేను రాజీనామా చేస్తానే, రేపే చేస్తాను," అంది.

"చేస్తే దానికి బస్సిస్తారా?" అంది వదిన పొయ్యి దగ్గర్నుంచి. "చెయ్యకు. ఇంట్లో ఒక్కరికైనా జీతం ఉండాలి. అమ్ముకున్నదేదో అమ్ముకున్నావు, కనీసం తిండికైనా పనికి రానీ."

"వదినా, నేను అమ్ముకోలేదు!"

సూదక్క మళ్ళీ మొదటి నుంచి చెప్పింది. గదిలో చలి, ఏడుగురు, మైకులు, బిస్కెట్టు, మేడం ఏమన్నదీ, కంపెనీ ఆయన ఏమన్నదీ. చెబుతున్న కొద్దీ అది కట్టుకథలా తయారవుతోందని ఆవిడకే వినిపిస్తోంది. నలభై రెండు వేల మంది ఆవిడ అబద్ధాన్ని కళ్ళు మూసుకుని నమ్మారు. నిజానికి మాత్రం ఇద్దరు మనుషులు కూడా దొరకలేదు, అదీ సొంతింట్లో.

పిల్ల లేచింది. కురచ చేతుల చొక్కా కొక్కేనికి వేలాడుతోంది, దాన్ని తీసి మడతపెట్టి ట్రంకులో పెట్టింది. వచ్చి అత్త పక్కన కూర్చుని, చెయ్యి పట్టుకుంది.

"నేను నమ్ముతున్నాను అత్తా."

"నిజంగా?"

"నమ్మకపోతే రేపటి నుంచి నీతో ఈ ఇంట్లో ఎలా ఉండను? అందుకని నమ్ముతున్నాను," అంది పిల్ల. బల్ల మీది కాగితాలు రెండూ తీసి పక్కన పెట్టి, ముగ్గురికీ కంచాలు పెట్టింది.